ఎక్స్ భుజం మీది అంకె

మా వదిన నోట నేను విన్నన్ని "ఒకటి"లు ఈ జన్మలో ఇంకెవరి నోటా వినలేదు.

"ఈ బహుపది పరిమాణం ఎంత వదినా?"

"ఒకటి."

"ఇంకోసారి చూసి చెప్పండి."

కాగితాన్ని దగ్గరకు లాక్కుని, పెదవులు కదుపుతూ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదివి, తలెత్తి ఎంతో నిబ్బరంగా చెప్పేది.

"ఒకటే అమ్మాయ్."

ఆ కాగితం మీద ఉన్నది మూడు ఎక్స్ పవర్ ఐదు, ప్లస్ నాలుగు ఎక్స్ స్క్వేర్, ప్లస్ ఏడు. నా చేత్తో నేనే రాశాను, బోర్డు మీద రాసినంత శ్రద్ధగా, గుండ్రంగా. మొదటి ఎక్స్ భుజం మీద ఐదు కూర్చుని ఉంది. రెండో ఎక్స్ భుజం మీద రెండు కూర్చుని ఉంది. ఉన్నవాటిలో పెద్దది ఐదు కాబట్టి పరిమాణం ఐదు. ఇందులో కష్టపడాల్సింది ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. హెచ్చవేతలు లేవు, భాగహారాలు లేవు, సూత్రాలు లేవు. కళ్ళతో చూడాలి, పెద్దది ఏదో నోటితో చెప్పాలి. లెక్కల పేపర్లో ఇంత పుణ్యానికి వచ్చే మార్కు ఇంకోటి ఉండదు.

నేను లెక్కల టీచర్ని. కాపురం తెనాలిలో, ఉద్యోగం రేపల్లెలో. పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఆ బండిలోనే వేలాడుతూ తిరిగొస్తాను. వారమంతా తొమ్మిదో తరగతి వాళ్ళ దగ్గర బహుపదుల కోసం గొంతు చించుకుని, ఆదివారం నాడైనా కాస్త నడుం వాల్చకుండా, మధ్యాహ్నం బండికి బాపట్ల వెళ్ళి మా వదిన దగ్గర అదే గొంతు మళ్ళీ చించుకునేదాన్ని. నా నోరంటే నాకే విసుగు పుట్టిన ఏడాది అది.

వదినంటే మా ఆయనకు అక్క. బాపట్లలో వాళ్ళ పేటలోనే ఉన్న అంగన్‌వాడీ కేంద్రంలో ఆయా. పిల్లలకు వండి పెట్టడం, ముక్కులు తుడవడం, మూతులు కడగడం, ఏడ్చేవాళ్ళను చంకనేసుకుని తిప్పడం ఆమె పని. అక్కడి టీచరమ్మ త్వరలో రిటైరవబోతోంది. పది పాసైన ఆయా ఉంటే ఆ పోస్టు ముందు ఆమెకే ఇస్తారు. వదిన చిన్నప్పుడు పది తప్పింది, లెక్కల్లోనే తప్పింది. ఇన్నేళ్ళ తర్వాత ఓపెన్ స్కూల్లో చేరి మిగతా సబ్జెక్టులన్నింట్లో గట్టెక్కింది. లెక్కలు మాత్రం మిగిలిపోయాయి. ఆ పోస్టుకు వయసు పరిమితి ఉంది, ఆమె దాని అంచు మీద ఉంది. ఈసారి తప్పితే ఇక ఆ తలుపు మూసుకున్నట్టే.

ఆ ఉద్యోగం ఎందుకంత ముఖ్యమో ఆమె నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. "అన్నం వండటానికి నాకేం నామోషీ లేదమ్మాయ్. పాటలు నేనే నేర్పుతున్నాను, అక్షరాలు నేనే దిద్దిస్తున్నాను. ఎవరైనా పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తే మాత్రం నన్ను పొయ్యి దగ్గరకు పొమ్మంటారు." అంతే చెప్పి చాట అందుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

కాబట్టి నాకు ఆమె మీద కోపం ఎంత వచ్చినా మానేసి రావడానికి లేదు. కోపం మాత్రం బాగా వచ్చేది.

మా రేపల్లె పిల్లలూ తప్పులు చేస్తారు. వాళ్ళ తప్పులు నాకు కంఠతా వచ్చు. కొందరు మొదటి పదాన్ని చూసి అక్కడే ఆగిపోతారు. పాఠ్యపుస్తకం ఎప్పుడూ పెద్ద పవర్‌ని ముందు వరసలో కూర్చోబెట్టి వాళ్ళను చెడగొట్టింది. కొందరు పవర్లన్నీ కూడేస్తారు. ఇంకొందరు వంద ఎక్స్ పక్కన వట్టి ఎక్స్ క్యూబ్ కనిపిస్తే వందను చూసి జడిసి దానికే ఓటేస్తారు. ఒక్కో తప్పుకీ నా దగ్గర ఒక్కో మందు ఉంది. వదిన తప్పుకి మందు మాట అలా ఉంచి, అసలు జబ్బేంటో తెలియలేదు. ఆమె చిన్నదాన్ని పెద్దదనుకోవడం లేదు, కూడటం లేదు, మొదటిదాని దగ్గర ఆగడం లేదు. ఏ బహుపది ఇచ్చినా ఒకటి అంటుంది. పవర్ తొమ్మిది ఉన్నదానికీ ఒకటే, పవర్ రెండు ఉన్నదానికీ ఒకటే.

పోనీ నిర్వచనం రాదా అంటే నాకన్నా బాగా వచ్చు. "ఒక బహుపదిలోని చరరాశి ఘాతాంకాలన్నింటిలోనూ పెద్దదైన ఘాతాంకమే ఆ బహుపది పరిమాణం" అని, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించి చెప్పేది. వింటుంటే ఆ ముక్క నేను కూడా మొదటిసారి వింటున్నానా అనిపించేది. అంత చక్కగా చెప్పిన మనిషి ఆ వెంటనే కాగితం చూసి "ఒకటి" అనేది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

"ఇదేంటి?" అని వేలు పెట్టి అడిగితే చెప్పేది.

"ఐదు."

"ఎక్కడుంది?"

"ఎక్స్ భుజం మీద."

"మరి ఇందాక చదివినప్పుడు ఎక్కడికి పోయింది వదినా?"

"ఇందాక నాకు కనపళ్ళేదమ్మాయ్," అనేది, అబద్ధం ఆడే అలవాటు లేని మొహంతో.

కనపళ్ళేదంటే కళ్ళు అనుకున్నాను. ఆ ఏడాది వేసవి సెలవుల్లో తెనాలి పిలిపించి, మా ఇంటికి దగ్గర్లో ఉన్న కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన బల్ల మీద నుంచి ఒక అట్ట తీసి ఇచ్చాడు. అడుగున చీమల్లాంటి అక్షరాలున్నాయి, నేను అద్దాలు పెట్టుకుని కూడా తడుముకునేవి. వదిన వాటిని గడగడా చదివేసింది. ఆయన అట్ట తీసుకుని నా వైపు చూసి, "కళ్ళు ఆవిడవి బాగానే ఉన్నాయమ్మా, మీవి చూపించుకుంటారా?" అన్నాడు. కొత్త అద్దాలు నాకొచ్చాయి.

తర్వాత పవర్లను పెద్దగా రాసి చూశాను, ఎక్స్ ఎంత ఉందో ఐదు అంత. అప్పుడు కనపడింది. "ఎక్స్‌ని ఐదుతో హెచ్చించాలా?" అని అడిగింది. ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ చిన్నవి చేసి చుట్టూ సున్నాలు చుట్టాను. సున్నా ఉన్నంతసేపూ పరిమాణం సరిగ్గా చెప్పింది. సున్నాలు లేని కాగితం పెట్టగానే మళ్ళీ ఒకటి. పరీక్ష పేపర్ మీద మా వదిన కోసం ఎవరు సున్నాలు చుట్టి పెడతారు? పైగా ఇది ఒక్క మార్కుతో పోయే వ్యవహారం కాదు. భుజం మీది అంకె కనపడని మనిషికి మూడు ఎక్స్ పవర్ ఐదూ, నాలుగు ఎక్స్ స్క్వేరూ రెండూ ఒకే జాతి. ఆమె వాటిని సుబ్బరంగా కూడి ఏడు ఎక్స్ అని రాసేది. కూడికలు పోయాయి, కారణాంకాలు పోయాయి, వర్గ సమీకరణాలు పోయాయి. బీజగణితం మొత్తం ఆ ఒక్క కన్నంలోంచి కారిపోతోంది.

అన్నింటికన్నా చిరాకేంటంటే, అంకె లేని చోట ఆమె నాతో వాదించేది. స్థిరపదం గురించి చెబుతూ ఏడు పరిమాణం సున్నా అన్నాను. "అదేంటి, ఏడు అంత ఉందిగా?" అంది. ఎక్స్ లేదు కాబట్టి సున్నా అన్నాను. "మరి ఉత్త సున్నా ఉంటే?" అంది. దానికి పరిమాణం చెప్పలేమన్నాను. "ఉన్నదానికి సున్నా అంటావు, లేనిదానికి చెప్పలేమంటావు. ఇంత లెక్క చేసేవాళ్ళు నా ఒకటిని మాత్రం ఒప్పుకోరు," అంది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే నవ్వాడు. "అక్కకి చిన్నప్పటి నుంచీ లెక్కలు అంతేలే," అన్నాడు. ఆ "అంతేలే" విని నాకు ఆయన మీద కూడా మండుకొచ్చింది.

ఒక ఆదివారం నా ఓపిక అయిపోయింది. పదో పన్నెండో బహుపదులు రాసిచ్చాను, అన్నింటికీ ఒకటి అని రాసి కాగితం నా చేతిలో పెట్టింది. ఆ ఎండలో రైల్లో పడి వచ్చిన చిరాకు, మర్నాడు పొద్దున్నే మళ్ళీ రేపల్లె పోవాలన్న చిరాకు, అన్నీ కలిసి నోటికొచ్చాయి.

"అసలు మీకు చదవడం వచ్చా వదినా?"

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. చాలా నెమ్మదిగా, "చదవడం వచ్చమ్మాయ్. నాకు వచ్చింది అదొక్కటే," అంది. నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, "వచ్చే ఆదివారం పొద్దున బండికి రా. చర్చిలో బైబిలు పాఠం నేనే చదవాలి," అంది.

మాది లూథరన్ కుటుంబం. నేను తెనాలిలో చర్చికి పోతాను, వదిన బాపట్లలో పోతుంది. ఆమె బాగా చదువుతుందని పెళ్ళయిన నాటి నుంచీ వింటూనే ఉన్నాను. పండగలకూ పెళ్ళిళ్ళకూ కలిసినా, ఆమె పాఠం చదివే ఆదివారం నేను అక్కడ ఉండటం ఎప్పుడూ పడలేదు. ఆ వారం వెళ్ళాను. సగం తప్పు చేశానన్న బాధతో, సగం ఇంకా దిగని కోపంతో వెళ్ళి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను.

వదిన తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, చదివే బల్ల దగ్గరకు వెళ్ళి నిలబడింది. గొంతు ఎత్తలేదు. అయినా వెనక గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నవాళ్ళు కూడా విడిచినచోటే ఆగిపోయారు. పసిపిల్లలు ఏడుపు మానారని చెప్పను కానీ, తల్లులు వాళ్ళను బయటికి తీసుకుపోవడానికి లేవలేదు. ఆ మాటలు నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసినవే. ఎవరో ఇప్పుడే ఊళ్ళోకి వచ్చి జరిగింది జరిగినట్టు చెబుతున్నట్టుగా విన్నాను. ఆమె గొంతులో ఒక్క గతుకు లేదు. ఒక వచనం ఎక్కడ అయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియకుండా సాగిపోయింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ తన పుస్తకం నా ఒళ్ళోకి జరిపి, ఎక్కడ చదువుతున్నారో వేలితో చూపించింది. నావి లెక్కల టీచరు కళ్ళు. మాటల కన్నా ముందు అంకెల మీద పడతాయి. పేజీ నిండా అంకెలే. ప్రతి వచనం మొదట్లో, కాస్త పైకి, అక్షరాల కన్నా చిన్నగా, ఒక మాట భుజానికీ ఇంకో మాట భుజానికీ మధ్య కూర్చుని ఉన్నాయి.

వదిన వాటిలో ఒక్కటి కూడా చదవడం లేదు. చదవకూడదు కూడా. వచనాల నంబర్లు పైకి చదివేవాళ్ళను ఎవరు వింటారు?

నా వెన్ను నిటారుగా అయిపోయింది. ఇన్ని నెలలుగా నా ప్రాణం తీసిన జబ్బు అక్కడ తెల్లచీర కట్టుకుని నిలబడి ఉంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, లేచి "ఆపండి వదినా, దొరికింది" అని అరవాలనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. పెద్దావిడ నా భక్తికి మెచ్చి వీపు నిమిరింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను. చదివేటప్పుడు ఆ అంకెలు కనపడతాయా అని. "ఏ అంకెలు?" అంది. చెప్పాను. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"నాన్న నేర్పిందే అమ్మాయ్ అది," అంది.

మా మామగారు ఉపదేశిగా పనిచేశారు. పిట్టలవానిపాలెం వైపు పల్లెల్లో సైకిలు మీద తిరిగి, పాస్టరు రాలేని చోట ఆరాధన నడిపేవారు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన లేరు. సాయంత్రం దీపాలు పెట్టాక కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివించేవారట. "అంకె నా నోట్లోంచి వచ్చిందంటే మళ్ళీ అధ్యాయం మొదటికే. చివరి వచనం దాకా వచ్చినా సరే, మొదటికే. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. పేజీ వెనక్కి తిప్పేవాడు. అంకె చదివేవాడి వేలి కోసం, వినేవాడి చెవి కోసం కాదు అనేవాడు," అంది. అలా చిన్నతనమంతా చదివి చదివి, నోటితో పాటు కన్ను కూడా వాటిని దాటేయడం నేర్చుకుంది. చిన్నగా, కాస్త పైకి ఉన్న అంకె ఏదైనా సరే, ఆమె కన్నుకి అది చదవాల్సింది కాదు. ఆమె మూడు ఎక్స్ చదివి, భుజం మీది ఐదుని మర్యాదగా దాటి, నాలుగు ఎక్స్ చదివేది. అన్ని ఎక్స్‌లూ వట్టి ఎక్స్‌లే. వట్టి ఎక్స్‌కి పవర్ ఒకటి, అందుకే ఒకటి.

జబ్బు తెలిశాక మందు ఎంతసేపు? వచనాల నంబర్లతో సహా రోజూ ఒక అధ్యాయం పైకి చదవమన్నాను. కన్ను మళ్ళీ వాటి దగ్గర ఆగడం అలవాటైతే చాలు, పరిమాణం అదే వస్తుందన్నాను.

వదిన కంచం ముందు నుంచి లేచిపోయింది.

"దేవుని వాక్యాన్ని అలా చదవనమ్మాయ్."

"ఇంట్లోనే కదా వదినా, ఎవరు వింటారు?"

"నేను వింటానుగా."

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ వాదనలోనే పోయాయో. వార్తాపత్రిక చదివిద్దామంటే అందులో భుజాల మీద అంకెలు ఉండవు. పాటల పుస్తకంలో చరణాల అంకెలున్నా అవి వరసలోనే ఉంటాయి. బహుపదుల మీదే చదివిద్దామంటే అవి ఆమెకు చదువులా అనిపించేవి కావు, ముగ్గు చుక్కల్లా కనపడేవి. ఆమెకు చదవడమంటే ఆ ఒక్క గ్రంథమే. నేను దణ్ణం పెట్టాను, కసిరాను, అలిగి ఒక వారం మానేశాను కూడా. మీ నాన్న ఉంటే ఉద్యోగం తెచ్చుకోమనేవారా, మొండికెయ్యమనేవారా అని అడిగాను. ఆ మాటకు ఆమె లేచి చాట అందుకుంది. రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చుని, భట్టిప్రోలు దాటేదాకా ఆమెతో మనసులోనే దెబ్బలాడుతూ పోయేదాన్ని.

చివరికి ఆమెను ఒప్పించింది నేను కాదు. పేటలోనే రెండు వీధుల అవతల ఉండే ఒక చదువుకున్న అమ్మాయి, పోస్టు ఖాళీ అవుతుందని తెలిసి, ఓ రోజు కేంద్రం చూసుకోవడానికి వచ్చిందట. మంచి అమ్మాయే, గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. గదంతా తిరిగి చూసి, బోర్డు ఇక్కడ కాదు అక్కడ పెట్టుకుంటే బాగుంటుందని తనలో తను అనుకుని, "ఆయమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా?" అని అడిగిందట. వదిన ఇచ్చింది. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరగా వేసి, గ్రంథం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"కూర్చో అమ్మాయ్. చదువుతాను."

మొదటి వచనం అంకె దగ్గరే ఆగిపోయింది. "ఒకటి" అనడానికి నా దగ్గర అన్నిసార్లు జంకని మనిషి, అక్కడ ఆ ఒకటి అనలేక మంచినీళ్ళు తాగింది. తర్వాత చదివింది. ఒకటి, ఆ మాటలు. రెండు, ఆ మాటలు. మూడు. గొంతు ఎక్కడా కుదురుకోలేదు. బస్సు స్టాపు స్టాపుకీ ఆగినట్టు ఆగి ఆగి పోయింది. వినలేక నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టాను.

కానీ మందు పనిచేసింది. కొన్ని వారాలకు ఒక రోజు, మామూలుగా బహుపది రాసిచ్చాను. పెదవులు కదిపింది. "మూడు ఎక్స్, భుజం మీద ఐదు. నాలుగు ఎక్స్, భుజం మీద రెండు. ఏడు." తలెత్తి చూసింది.

"ఐదు అమ్మాయ్."

నేను పెన్ను కింద పెట్టేశాను. ఇంకోటి రాసిచ్చాను, సరిగ్గా చెప్పింది. పదాల వరస తారుమారు చేసి ఇచ్చాను, సరిగ్గా చెప్పింది. రెండు బ్రాకెట్లు పెట్టి, ఇక్కడ ప్లస్ ఉన్న ఎక్స్ పవర్ నాలుగు అక్కడ మైనస్‌లో కొట్టుకుపోయేలా ఇచ్చాను. మా పిల్లలు నాలుగని రాసి నాలిక కరుచుకునే లెక్క అది. "ముందు ఊడ్చుకుని తర్వాత కదా చూడాలి," అని సణుక్కుంటూ రెండు నాలుగుల్నీ కొట్టేసి, మిగిలినవాటిలో పెద్దది రెండని చెప్పింది. ఆ రోజు రైల్లో నాకు కూర్చోడానికి చోటు దొరకలేదు. అయినా ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు.

పరీక్షకు సెంటరు తెనాలిలో పడింది. ముందు రోజే వచ్చి మా ఇంట్లో దిగింది. స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చాను. ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నంతసేపూ కనపడిన అంకెనల్లా చదువుతూనే ఉంది. పెట్టె నంబరు, స్తంభం నంబరు, ఊరి పేరున్న పసుపు బోర్డు అడుగున సముద్రానికి మనం ఎంత ఎత్తులో ఉన్నామో రాసే చిన్న అంకెలు. ఇన్నాళ్ళూ అవి అక్కడున్నట్టే నాకు తెలియదు. "ఇప్పుడు కంటికి ఏదీ ఆనకుండా పోవట్లేదమ్మాయ్," అంది. సంతోషంగా అందో, ఫిర్యాదుగా అందో నాకు తెలియలేదు. నాకు మాత్రం మహా సంతోషంగా ఉంది.

పాసైంది. మార్కుల గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు, పాసైంది అంతే. టీచరమ్మ రిటైరయ్యాక పోస్టు వదినకే వచ్చింది. ఆ కబురు ఆమె ఫోన్లో చెప్పినప్పుడు వెనకాల పిల్లల గోల వినపడింది. "ఇప్పుడు నేను పొయ్యి దగ్గరికి పోనక్కర్లేదంట అమ్మాయ్," అంది.

ఆ నెలలోనే ఒక ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెల్లించుకుంటానని మమ్మల్ని పిలిచింది. మా ఆయనా నేనూ పొద్దున బండికే వెళ్ళాం. ఆ రోజు పాఠం కూడా ఆమెదే. అదే తెల్లచీర కట్టుకుంది. అదే పెద్దావిడ పక్కన కూర్చున్నాను, మళ్ళీ తన పుస్తకం నా ఒళ్ళోకి జరిపింది.

వదిన మొదలుపెట్టింది. గొంతు అదే గొంతు. నాలుగైదు వచనాలు మామూలుగా సాగాయి. నేను తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. ఇంకాస్త ముందుకు పోయాక, ఒక వచనం అయి ఇంకో వచనం మొదలయ్యే చోట, పన్నెండు అని వినపడింది.

పైకి అనేసింది. పాస్టరు గారు తలెత్తి చూశారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన మగవాళ్ళ వైపు నుంచి నా వైపు తిరిగి ఏమైందన్నట్టు చూశాడు.

వదిన ఆగిపోయింది. ఎవరి వంకా చూడలేదు. పేజీ వెనక్కి తిప్పింది. అధ్యాయం మొదటికి వెళ్ళి, మళ్ళీ మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఈసారి అంకె బయటికి రాలేదు. కానీ నా ఒళ్ళో పుస్తకం ఉంది, నా వేలు వాటి మీదే ఉంది. ప్రతి అంకె దగ్గరా ఆమె గొంతు ఆగుతోంది. ఒక్క రవ్వంతసేపు, అంతే. కాలు వేసేముందు మెట్టు ఉందో లేదో చూసుకునే మనిషిలా ఆగి, దాన్ని మింగి, ముందుకు పోతోంది. గుమ్మం దగ్గర ఎవరో చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నారు, ఆగకుండా. ఒక పిల్ల ఏడిస్తే తల్లి లేచి బయటికి తీసుకుపోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ అంకెలు కనపడటం లేదని ఏడాది పొడుగునా ఆమెను పీక్కుతిన్నదాన్ని, అక్కడ కూర్చుని ఆ ఒక్క అధ్యాయం అయ్యేదాకా అవి ఆమెకు కనపడకూడదని దేవుణ్ణి వేడుకున్నాను.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర కలిసింది. చాలామంది అభినందిస్తున్నారు, కొత్త టీచరమ్మా అని పిలుస్తున్నారు. అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది.

"రెండోసారి అంకె రాలేదు కదా అమ్మాయ్?"

"రాలేదు వదినా."

"ఆగాను కదూ?"

లేదని చెబుదామనుకున్నాను. ఆమె నా మొహం చూస్తూ ఉంది.

"ఎవరికీ తెలియలేదు వదినా," అన్నాను.

"నాన్నకైతే తెలిసేది," అని, చెప్పులేసుకుని మా కోసం అన్నం వార్చడానికి గబగబా ఇంటివైపు నడిచింది.